ఏడు కోట్ల గొంతులు ముప్ఫై కోట్లెలా అయ్యాయి? స్వదేశీ రోజుల పాటల కథ

వందేమాతరం మొత్తం నోటికి వచ్చినవాళ్లెవరైనా ఎదురైతే ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. మూడో చరణంలో అమ్మ కోసం ఎలుగెత్తే గొంతులు ఎన్ని? చాలామంది "కోటి కోటి కంఠ కలకల నినాద కరాలే" అని అందుకుంటారు. బంకించంద్ర ఛటర్జీ రాసింది మాత్రం "సప్తకోటి". అంటే ఏడు కోట్ల గొంతులు. ఆ వెంటనే "ద్విసప్తకోటి" భుజాలు. మనిషికి రెండు చేతుల చొప్పున పద్నాలుగు కోట్లు. లెక్క సరిపోయింది. కానీ ఆ రోజుల్లో దేశ జనాభా ఏడు కోట్లకు మూడింతల పైమాటే. మరి మిగతావాళ్లంతా ఏమైనట్టు?

ఆ ఏడు కోట్లు ముందు ముప్ఫై కోట్లుగా, ఆ తర్వాత లెక్కకే అందని కోటి కోట్లుగా ఎలా మారాయో తెలిస్తే, ఈమధ్య ఈ పాట మీద నడుస్తున్న తగువు సగం విడిపోతుంది. 1875 నవంబరు 7ని పాట పుట్టినరోజుగా లెక్కగట్టి 2025 నవంబరులో 150 ఏళ్ల వేడుకలు మొదలుపెట్టారు. డిసెంబరులో పార్లమెంటు ఉభయసభలూ దీనిమీద గంటల తరబడి మాట్లాడాయి. కవి మనసులో ఏముంది, చరణాలు ఎవరు తగ్గించారు, ఎందుకు తగ్గించారు అన్నచోటే చర్చ తిరిగింది. అవి అడగాల్సిన ప్రశ్నలే. అయితే ఉద్యమం తొలిరోజుల్లో ఒక పాటని దేశభక్తి గీతంగా నిలబెట్టినవాళ్లలో రాసినాయన ఒక్కడే లేడు. పాడినవాళ్లున్నారు, ఒక మాట తీసి ఇంకో మాట పెట్టినవాళ్లున్నారు, లాఠీ పట్టుకుని అడ్డం వచ్చినవాళ్లూ ఉన్నారు. వీళ్లందర్నీ పక్కన పెట్టి పాఠం ఒక్కటే ముందు పెట్టుకుంటే చిక్కు విడదు.

గీతం, గేయం, నినాదం: ఏది దేన్ని అంటారు

పోటీ పరీక్షల పుస్తకాల్లో జనగణమన "జాతీయ గీతం", వందేమాతరం "జాతీయ గేయం". తెలుగులో గీతమన్నా గేయమన్నా పాడుకునేదే. కాబట్టి తేడా మాటలో లేదు, హోదాలో ఉంది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో బాబూ రాజేంద్రప్రసాద్ ఒక ప్రకటన చేశారు. జనగణమన జాతీయ గీతం. స్వాతంత్ర్య పోరాటంలో చారిత్రక పాత్ర వహించిన వందేమాతరానికి దానితో సమానమైన గౌరవం. దీనికి తీర్మానం పెట్టలేదు, ఓటింగు జరగలేదు.

ఈ హోదాలు రెండూ 1950లో వచ్చినవి. 1905కి వెళితే సర్కారు వారి గీతం ఒకటే, అది ఇంగ్లండు రాజుని దేవుడు కాపాడాలని కోరేది. జనం నోట ఉన్న పాటలకి ఏ హోదా లేదు. వాటిని మన వీలుకోసం ఇలా విడదీసుకోవచ్చు. నేలనీ నదుల్నీ గతాన్నీ పొగిడేది స్తుతి గీతం. లేవండి, పని చెయ్యండి అనేది ప్రబోధ గీతం. దొరని నిలబెట్టి లెక్క అడిగేది నిరసన పాట. ఇక నినాదం అంటారా, అది పాటలోంచి ఊడి వీధిన పడ్డ ముక్క. వందేమాతరం పాటకి రాగం కావాలి, కొంచెం సంస్కృతం పలకడం రావాలి. వందేమాతరం నినాదానికి గొంతు ఉంటే చాలు. 1905 తర్వాత పోలీసులకి తలనొప్పి తెచ్చింది ఎక్కువగా ఈ రెండోదే.

నవల్లో పుట్టిన పాటకి జనాభా లెక్కలతో పనేమిటి

బంకించంద్ర బ్రిటిషు సర్కారు దగ్గర డిప్యూటీ మెజిస్ట్రేటు. ఈ పాటని 1870లలో రాశాడని, ముందు రాసింది మొదటి భాగమేనని, తర్వాత నవల కోసం పెంచాడని పరిశోధకుల్లో చాలామంది మాట. నవల పేరు ఆనందమఠం, 1882లో పుస్తకంగా వచ్చింది. బెంగాల్‌ని తుడిచిపెట్టిన 1770 నాటి కరువు, ఆ కాలపు సన్యాసుల తిరుగుబాటు అందులో కథ. సన్యాసుల కత్తి నవాబు మనుషుల మీదికీ వెళుతుంది, కంపెనీ సిపాయిల మీదికీ వెళుతుంది. విడ్డూరం ఏమిటంటే, నవల చివర ఒక మహాపురుషుడు వచ్చి, ప్రస్తుతానికి ఇంగ్లీషువాళ్ల ఏలుబడే ఉండాలి, వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉందని చెప్పి వీరుణ్ణి వెంటబెట్టుకుపోతాడు. బ్రిటిషు సామ్రాజ్యాన్ని వణికించిన పాట ఆ నవల్లోనిదే!

ఇప్పుడు ఏడు కోట్ల సంగతి. 1872 జనాభా లెక్కల్లో బెంగాల్ ప్రెసిడెన్సీ జనాభా దాదాపు 6.7 కోట్లు. అప్పటి ప్రెసిడెన్సీ అంటే బెంగాలుతో పాటు బీహారు, ఒరిస్సా, అస్సాం కూడా. అంటే బంకించంద్ర మొక్కిన అమ్మ, కనీసం అంకెల ప్రకారం, భారతమాత కాదు. వంగమాత.

1896లో కలకత్తా కాంగ్రెసు సభలో రవీంద్రనాథ్ టాగూర్ ఈ పాట పాడాడు. పాట అఖిల భారత వేదిక ఎక్కింది కానీ అంకె ఇంకా బెంగాలుదే. 1905 డిసెంబరులో కాశీలో కాంగ్రెసు జరిగింది. అక్కడ టాగూర్ మేనకోడలు సరళాదేవి చౌధురాణి పాడింది. ఎదురుగా మరాఠీలు, తమిళులు, పంజాబీలు, తెలుగువాళ్లు. ఆమె "సప్తకోటి" తీసి "త్రింశకోటి" పెట్టింది. 1901 జనాభా లెక్కల్లో దేశ జనాభా 29 కోట్లు దాటింది, ముప్ఫై అంటే సరిగ్గా సరిపోతుంది. పద్యంలో ఒక్క సంఖ్య మారింది, అమ్మ ఎల్లలు కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా జరిగాయి. తర్వాత తర్వాత జనాభా పెరిగినప్పుడల్లా దిద్దడం ఎందుకనుకున్నారేమో, "కోటి కోటి" స్థిరపడింది. అది అంకె కాదు, అంతులేదని చెప్పే మాట. మనకి నేర్పింది ఆ పాఠమే.

కవి రాసినది రాసినట్టే ఉండాలి అనేవాళ్లకీ, పాట అవసరాన్ని బట్టి మారొచ్చు అనేవాళ్లకీ ఈ ఉదాహరణ చూపించొచ్చు. మొదటివాళ్లు నిజంగా పట్టుబడితే మనం ఏడు కోట్ల దగ్గరికి వెనక్కి వెళ్లాలి.

1905 అక్టోబరు 16: పొయ్యి వెలిగించని రోజు

వైస్రాయి లార్డ్ కర్జన్ బెంగాలుని రెండు ముక్కలు చేశాడు. పాలనకి మరీ పెద్దదైపోయిందన్నది సర్కారు చెప్పిన కారణం. బలమైన ప్రాంతాన్ని విడగొట్టి బలం తగ్గించడమే అసలు ఉద్దేశమని బెంగాలీ నాయకులు అన్నారు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో విదేశీ సరుకు బహిష్కరించాలని తీర్మానం చేశారు. అక్టోబరు 16న విభజన అమల్లోకి వచ్చింది. ఆ రోజు చాలా ఇళ్లలో పొయ్యి రాజెయ్యలేదు. జనం గంగలో మునిగి, ఒకరి చేతికొకరు రాఖీలు కట్టుకున్నారు. టాగూర్ స్వయంగా వీధుల్లో పాడుతూ నడిచాడు.

ఆ ఏడాది ఆయన రాసిన పాటల్లో "ఆమార్ శోనార్ బాంగ్లా" ఒకటి. దాని వరుస టాగూర్ కట్టింది కాదు. గగన్ హర్‌కరా అనే బావుల్ గాయకుడి, అంటే ఊరూరూ పాడుకుంటూ తిరిగే బెంగాలీ జానపద గాయకుడి పాటది. హర్‌కరా అంటే ఊరూరూ తిరిగి ఉత్తరాలు పంచే మనిషి, ఆయన వృత్తే ఇంటిపేరైంది. "ఏక్‌లా చలో రే" వరుసకీ మూలం ఒక హరినామ కీర్తన. కొత్త మాటలకి పాత వరుస వాడటం బద్ధకం వల్ల జరిగింది కాదు. 1901లో దేశంలో అక్షరాలు వచ్చినవాళ్లు వందకి 5 మంది. కరపత్రం పంచితే చదివేవాడు లేడు. జనం చెవిలో అప్పటికే ఉన్న వరుస మీద మాటలు ఎక్కిస్తే సాయంత్రానికి ఊరంతా పాడుతుంది. పత్రికని జప్తు చెయ్యొచ్చు, అచ్చుయంత్రానికి తాళం వెయ్యొచ్చు, నోట్లో ఉన్న పాటని ఏం చేస్తారు?

ఏదో ఒకటి చేద్దామనే చూశారు. తూర్పు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ బాంఫిల్డ్ ఫుల్లర్ హయాంలో వీధుల్లో వందేమాతరం అనకూడదని ఉత్తర్వులు వచ్చాయి. పిల్లలు రాజకీయాల్లోకి దిగితే బడులకిచ్చే గ్రాంట్లు ఆగిపోతాయన్న సర్క్యులర్లు వచ్చాయి. 1906 ఏప్రిల్లో బారిసాల్‌లో జరిగిన రాష్ట్ర సభకి ఊరేగింపుగా వెళుతున్నవాళ్ల మీద లాఠీలు ఆడాయి. సురేంద్రనాథ్ బెనర్జీని పట్టుకెళ్లి జరిమానా వేశారు. అదే ఊళ్లో జాత్రా నాటకాలాడే ముకుంద దాస్‌ని పాటల నేరానికి జైల్లో పెట్టారు.

నిషేధం వల్ల జరిగిన వింత ఏమిటంటే మాట అర్థమే మారింది. ఫుల్లర్ ఉత్తర్వుకి ముందు "వందేమాతరం" అంటే అమ్మకి దండం. ఉత్తర్వు తర్వాత అదే మాటకి "నీ మాట వినను" అన్న అర్థం కూడా వచ్చి చేరింది. సంస్కృతం ముక్క రాని కుర్రాడికి కూడా ఈ రెండో అర్థం బాగా తెలుసు.

బారిసాల్ గురించి ఒక విషయం తరచూ మరుగున పడుతుంది. ఆ సభకి అధ్యక్షుడు అబ్దుల్ రసూల్ అనే ముస్లిం బారిస్టరు. కాబట్టి తొలిరోజుల్లో ఈ నినాదం ఒక్క మతం వాళ్లదే అని ఎవరైనా అంటే బారిసాల్ అడ్డొస్తుంది. అలాగని అందరూ ఒక్కటై పాడారని అన్నా కుదరదు. తూర్పు బెంగాల్లో రైతులు ఎక్కువమంది ముస్లింలు, జమీందార్లు ఎక్కువమంది హిందువులు. బహిష్కరణ పేరుతో చవకైన విదేశీ బట్ట మానిపించి ఖరీదైన దేశవాళీ బట్ట కొనిపించడం పేద రైతుకి బలవంతంగానే తోచింది. 1906 డిసెంబరులో ఢాకాలో ముస్లిం లీగ్ పుట్టింది. 1907లో జమాల్‌పూర్ వైపు గొడవలు జరిగాయి. పాట ఒకటే, అది ఎవరి నోట వినబడుతోంది అన్నదాన్ని బట్టి వినేవాడికి వేరుగా వినబడింది.

1907 రాజమండ్రి: నాలుగు పాదాలకి సరిపోయిన ఆవు

1907 ఏప్రిల్లో బెంగాలీ స్వదేశీ నాయకుడు బిపిన్ చంద్రపాల్ తెలుగు జిల్లాలకి వచ్చాడు. వెంట తిప్పినవాడు కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు. రాజమండ్రిలో పాల్ ఇంగ్లీషు ఉపన్యాసాలని తెలుగులో చెప్పినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సభలోనే ఆయన చదివిన పద్యం ఇది:

భరతఖండంబు చక్కని పాడియావు
హిందువులు లేగదూడలై యేడ్చుచుండ
తెల్లవారను గడుసరి గొల్లవారు
పితుకుచున్నారు మూతులు బిగియగట్టి

ఒక్క తేటగీతిలో దాదాభాయి నౌరోజీ దశాబ్దాల పాటు అంకెలతో వాదించిన సంగతి, దేశసంపద బయటికి తరలిపోతోందన్న వాదం, మొత్తం ఇమిడింది. పాలు ఆవువి, ఆకలి దూడది, చెంబు ఇంకొకడిది. పల్లెలో పుట్టినవాడికి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. "మూతులు బిగియగట్టి" అన్నచోట రెండు దెబ్బలు. పాలు తాగకుండా దూడ మూతికి చిక్కం కట్టడం ఒకటి, నోరెత్తకుండా జనం నోరు కట్టడం ఇంకొకటి.

"హిందువులు" అన్న మాట దగ్గర ఇప్పటి పాఠకుడు ఆగుతాడు. మిగతా మతాలవాళ్లు దూడలు కారా? ఆ కాలపు తెలుగు రాతల్లో హిందూదేశం అంటే భారతదేశం, హిందువులు అంటే దేశవాసులు అన్న వాడుక ఉంది, కాబట్టి ఇందులో వేరే ఉద్దేశం వెతకక్కర్లేదన్నది ఒక వాదం. దేశమన్నప్పుడు ఆ మాటే నోటికి రావడంలోనే ఊహించుకున్న సమూహం ఎవరిదో తెలుస్తోందన్నది మరో వాదం. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. వాడుకమాటకి ఉద్దేశం లేకపోయినా సరిహద్దు ఉండొచ్చు. "తెల్లవారు", "గొల్లవారు" ప్రాస కోసం ఒక కులాన్ని గడుసువాళ్లని చెయ్యడం కూడా ఇవాళైతే ఎవరో ఒకరు ఎత్తిచూపేవాళ్లే.

పాల్ వెళ్లిపోయాడు, వేడి ఉండిపోయింది. రాజమండ్రి ట్రైనింగు కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఊరుకోలేదు, విద్యార్థులని కాలేజీ నుంచి వెళ్లగొట్టాడు. వాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. మరుసటి ఏడాది బెజవాడ నుంచి "స్వరాజ్య" పత్రిక నడిపి జైలుకి వెళ్లింది ఈయనే. మే 31న కాకినాడలో కెంప్ అనే దొర డాక్టరు, వందేమాతరం అన్నాడని ఒక కుర్రాణ్ణి కొట్టాడు. ఆ రాత్రి జనం దొరల క్లబ్బు మీద పడ్డారు. అదే కాకినాడ దొమ్మీ కేసు. చూడండి, రాజమండ్రిలోనూ కాకినాడలోనూ గొడవకి కారణమైంది బెంగాల్ పాట కూడా కాదు, అందులోని రెండు మాటలు.

చేత్తో తాళం వేస్తే తెలిసే తేడా

చిలకమర్తి పద్యం గొప్పదే, కానీ పదిమందీ కలిసి పాడలేరు. పద్యం ఒకరు రాగం తీసి చదవాల్సింది, మిగతావాళ్లు వినాల్సింది. ఊరేగింపుకి కావాల్సింది అడుగుకి సరిపోయే నడక. ఆ నడక గురజాడ తెచ్చాడు. "దేశభక్తి" గేయం 1910 ప్రాంతంలో రాసింది, తర్వాత కృష్ణాపత్రికలో వచ్చింది. "తకిట తకధిమి" అని మూడు, నాలుగు మాత్రల చొప్పున చప్పట్లు కొట్టి చూడండి:

దేశ-మంటే / మట్టి-కాదోయ్
దేశ-మంటే / మనుషు-లోయ్

"దేశ" మూడు మాత్రలు, "మంటే" నాలుగు, "మట్టి" మూడు, "కాదోయ్" నాలుగు. రెండో పాదం చివర "లోయ్" దగ్గర రెండు మాత్రలు మిగిలిపోయి ఊపిరి తీసుకునే సందు వస్తుంది. ఇదీ ముత్యాలసరం అనే ఈ ఛందస్సు పని. బడిపిల్లాడు కూడా తప్పకుండా పాడగలడు, పాడుతూనే ఉన్నారు.

నడక కంటే పెద్ద మార్పు లోపల ఉంది. వందేమాతరంలో దేశం అమ్మ, చిలకమర్తి దగ్గర ఆవు. గురజాడ ఆ పోలికలన్నీ పక్కకి నెట్టి దేశమంటే మనుషులు అన్నాడు. మనుషులకి తిండి కావాలి: "తిండి కలిగితె కండ కలదోయ్". ఇక స్వదేశీ సంగతి చూడండి: "అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్ దేశి సరుకుల నమ్మవలెనోయ్". పైవాడి బట్ట తగలబెట్టమని ఆయన అనలేదు. మన సరుకు అన్ని దేశాల్లో అమ్మమన్నాడు. బహిష్కరణ ఊపులో ఉన్న కాలంలో ఇది దుకాణదారుడి మాటలా వినబడి ఉంటుంది. గురజాడ విజయనగరం సంస్థానంలో ఉద్యోగి కాబట్టి తెల్లదొర ఊసు ఎత్తలేదనేవాళ్లున్నారు. గేయంలో నిజంగానే బ్రిటిషువాడు కనబడడు. దొర పోయినా మిగిలే పని ఏమిటో చెప్పాడు కాబట్టే నూరేళ్లు దాటినా పాతబడలేదనేవాళ్లూ ఉన్నారు. దీన్ని దేశభక్తి గేయం అనాలా, మానవతా గేయం అనాలా అన్న పేచీ ఆ రెండు అభిప్రాయాల మధ్యదే.

దొర ఊసు ఎత్తే పాట కోసం మరో పదేళ్లు ఆగాల్సి వచ్చింది. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ "మా కొద్దీ తెల్లదొరతనము" అన్నాడు. స్తుతి లేదు, అలంకారం లేదు, ఫిర్యాదుల చిట్టా ఉంది. "పన్నెండు దేశాలు పండుచున్నాగాని పట్టెడన్నమె లోపమండి" అంటాడు. ఉప్పు ముట్టుకుంటే దోషమంటాడు, అదీ దండి యాత్రకి ఎన్నో ఏళ్ల ముందు. ఆయన్ని రాజమండ్రి జైలుకి పంపారు. వంగమాతకి పద్నాలుగు కోట్ల చేతుల్లో కత్తులు పెట్టిన పాట నుంచి పట్టెడన్నం దాకా రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

అమ్మ దేశమా, దేవతా? 1937 నాటి ముడి

అసలు తగువు ఇక్కడుంది. వందేమాతరానికి ఆరు చరణాలు. మొదటి రెండింటిలో ఉన్నది నేల: మంచి నీళ్లు, పళ్లు, చల్లగాలి, పైరు పచ్చదనం, వెన్నెల రాత్రి, పూలచెట్లు. మూడోదాంట్లో గొంతులు, కత్తులు. నాలుగు, ఐదు చరణాల్లో అమ్మ దేవత అవుతుంది. "త్వం హి దుర్గా దశప్రహరణధారిణీ" అని పది ఆయుధాలు పట్టిన దుర్గగా, తర్వాత లక్ష్మిగా, సరస్వతిగా పిలుస్తాడు కవి. అల్లా ఒక్కడికే సాగిలపడే ముస్లింకి ఇది నోటితో పలకడం కష్టం. పైగా నవల్లో సన్యాసులు తిట్టేదీ పోరాడేదీ చాలావరకు ముస్లిం ఏలుబడి మీద.

1937లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెసు ప్రభుత్వాలు ఏర్పడ్డాక ఈ పాట ఊరేగింపుల్లోంచి సర్కారు వేదికల మీదికి వచ్చింది. ముస్లిం లీగ్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. కాంగ్రెసు వర్కింగ్ కమిటీ కలకత్తాలో కూర్చుని, జాతీయ సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని తీర్మానించింది. దాంతోపాటు గానీ, దాని బదులుగా గానీ అభ్యంతరం లేని మరో పాట పాడుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. దానికి ముందు టాగూర్‌ని అడిగారు. మొదటి భాగంలోని కోమలమైన భావం తనని ఆకట్టుకుందనీ, దాన్ని మిగతా పాట నుంచీ ఆ నవల నుంచీ విడదీసి చూడటం తనకి కష్టం కాలేదనీ, మొత్తం చదివితే ముస్లింల మనసు నొచ్చుకునే వీలుందనీ ఆయన అభిప్రాయం.

దీన్ని తప్పు అనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఈ పాట కోసం దెబ్బలు తిన్నవాళ్లు, ఉరికంబం ఎక్కినవాళ్లు ఉన్నారు. కవితలో దుర్గ అన్నది పూజకి పిలుపు కాదు, శక్తికి పోలిక. భావాన్ని ముక్కలు చేస్తే అడిగినవాడు ఇంకో ముక్క అడుగుతాడు. నిజానికి 1937 తర్వాత లీగ్ సంతృప్తి పడలేదు కూడా.

సరే అనేవాళ్ల వాదనా బలంగానే ఉంది. ఆచరణలో అప్పటికే సభల్లో ఎక్కువగా పాడుతున్నది మొదటి చరణాలే. ముందు రాసింది కూడా ఆ భాగమే అయితే, అది తనంతట తాను నిలబడే పాట. ఒక పార్టీ పాట నుంచి అందరి పాట కావాలంటే పాడలేనివాడి ఇబ్బంది చూడాలి. సప్తకోటిని త్రింశకోటి చేసినప్పుడు బెంగాలీ కానివాడి కోసం పాట మారింది. అది ఒప్పయితే ఇది తప్పెలా అవుతుందని అడగొచ్చు. దానికి మొదటివాళ్ల జవాబు, చేర్చడం వేరు, తీసెయ్యడం వేరు అని. వాదన ఇక్కడికి వచ్చి ఆగుతుంది. ఎవరు ఎటు మొగ్గుతారన్నది పాటని వారసత్వంగా చూస్తారా, ఒప్పందంగా చూస్తారా అన్నదాని మీద ఆధారపడుతుంది.

స్వదేశీ రోజుల నాటి మరో కవి ప్రయాణాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. "సారే జహాఁ సే అచ్ఛా" 1904లో ఇక్బాల్ రాసింది. అందులో "హిందీ హైఁ హమ్" అన్నాడు, హిందీ అంటే భాష కాదు, హింద్ వాసులమని. 1910లో అదే వరసలో ఇంకో గీతం రాసి చీనా, అరబ్బు దేశాలూ మావే, ముస్లింలం మేం, ప్రపంచమంతా మా దేశం అన్నాడు. రాసినవాడు మనసు మార్చుకున్నాడు. మనం మొదటి పాటని వదులుకోలేదు, సైన్యం బ్యాండు మీద ఇప్పటికీ మోగుతూనే ఉంది.

జనగణమన ఎవరి కోసం రాశారన్న పాత అనుమానం

ఇంగ్లండు రాజు ఐదో జార్జిని పొగుడుతూ జనగణమన రాశారన్నది వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లు తిరిగే మాట, కాబట్టి దీన్నీ చూద్దాం. 1911 డిసెంబరు 12న ఐదో జార్జి ఢిల్లీ దర్బారులో బెంగాల్ విభజన రద్దయిందని ప్రకటించాడు. రెండు వారాల తర్వాత కలకత్తాలో కాంగ్రెసు సభ. విభజన రద్దయిన సంతోషంలో రాజుకి స్వాగతం పలికే తీర్మానం ఉంది. డిసెంబరు 27న జనగణమన పాడారు. అదే రోజు రాజుని పొగుడుతూ వేరొకరు రాసిన హిందీ పాట కూడా పాడారు. కొన్ని ఇంగ్లీషు పత్రికలు రెంటినీ కలిపేసి, టాగూర్ రాజుకి స్వాగత గీతం రాశాడని అచ్చేశాయి. దేశీ పత్రికలు కొన్ని సరిగ్గానే రాశాయి.

1937లో ఒక ఉత్తరంలో టాగూర్ తన మాట చెప్పాడు. సర్కారులో పలుకుబడి ఉన్న మిత్రుడొకడు రాజు మీద పాట అడిగాడనీ, ఆ కోపంలోంచే యుగయుగాలుగా దేశరథం నడిపే భాగ్యవిధాత మీద పాట వచ్చిందనీ, ఆ సారథి ఏ జార్జీ కాలేడనీ. అనుమానించేవాళ్లు ఈ వివరణ పాతికేళ్ల తర్వాత ఇచ్చిందని అంటారు. అయితే పాటలోనే ఒక సాక్ష్యం ఉంది. అందులో విధాతని ఒకచోట "స్నేహమయీ తుమి మాతా" అంటాడు. ఐదో జార్జిని ఎంత భజనపరుడైనా తల్లీ అనడు కదా!

ఈ పాటకి మన వైపు ఒక ఊరితో చుట్టరికం ఉంది. 1919లో టాగూర్ మదనపల్లెలో, బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నాడు. అక్కడే పాటని స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించాడు. వరుస స్థిరపడటంలో అక్కడి మార్గరెట్ కజిన్స్ చెయ్యి ఉంది. పాటలో ఆంధ్ర పేరు లేదే అని తెలుగువాళ్లకి అప్పుడప్పుడు వచ్చే చిన్న అలక సంగతంటారా, "ద్రావిడ"లో సర్దుకోవాల్సిందే.

హైదరాబాదులో తొలిరోజులు 1938లో వచ్చాయి

తొలిరోజులు అనగానే 1905 అనుకుంటాం. నిజాం రాజ్యంలో గడియారం వేరు. అక్కడ స్టేట్ కాంగ్రెసు 1938లో పుట్టకముందే నిషేధానికి గురైంది. ఆ ఏడాది చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థన వేళ వందేమాతరం పాడారు. పాడకూడదన్నారు, వినలేదు, వందలమందిని వెళ్లగొట్టారు. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వెళ్లినవాళ్లలో పి.వి. నరసింహారావు ఉన్నాడు. జైల్లో కొరడా దెబ్బ పడ్డప్పుడల్లా వందేమాతరం అన్నందుకు రామచంద్రరావుకి అదే ఇంటిపేరైపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. వందేమాతరం రామచంద్రరావు అంటేనే జనానికి తెలుసు.

1937లో కలకత్తాలో ఈ పాట మీద వచ్చిన అభ్యంతరం, ఇది మతం పాట, రాజకీయ వేదిక మీద వద్దు అని. ఏడాది తిరిగేసరికి హైదరాబాదులో సర్కారు చెప్పిన అభ్యంతరం, ఇది రాజకీయ పాట, ప్రార్థన గదిలో వద్దు అని. విద్యార్థులు మాత్రం అది తమ ప్రార్థనే అన్నారు.